సెలవు చీటీలో కారణం

సెలవు చీటీలో కారణం అన్న గడి దగ్గర
పెన్ను ఆగింది.
ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసులో ఆ గడిలో నేను రాసినవి
జ్వరం, ఆడబిడ్డ పెళ్ళి, మళ్ళీ జ్వరం,
అత్తగారి కంటి ఆపరేషన్.
తిమింగలాలు అని రాయొచ్చా?

ఊరి పేరు ప్వెర్తో వయార్తా.
మొదట్లో వల్లర్తా అన్నాను.
రెండు 'ల'లు రాసి ఉన్నా పలకకూడదట,
'య' అనాలట.
నఫీసా నవ్వింది:
"మన జీతం లెక్కనే ఉంది సిస్టర్,
రాసేదొకటి, చేతికొచ్చేదొకటి."

మెక్సికోకి పడమటి ఒడ్డు.
పటంలో ఆ అఖాతం
ఎవరో ఒక్కసారి కొరికి వదిలేసిన జామకాయ.
చలికాలం రాగానే పైనెక్కడో మంచునీళ్ళు విడిచి
ఆడ తిమింగలాలు అక్కడికి వస్తాయట,
కనడానికి.

ఆ ఒక్క మాట చాలింది నాకు.

పేట్లబురుజులో రాత్రి డ్యూటీ.
కిటికీ అవతల మూసీ,
వానొస్తే తప్ప నదని గుర్తురాదు.
ఇవతల మంచానికి ఇద్దరు,
అరుపు మీద అరుపు,
తలుపు దాకా నేల మీద ఉమ్మనీరు.
నా చెప్పులకు తెలిసిన సముద్రం
అదొక్కటే.

పాత కేసు షీటు వెనక నఫీసా లెక్కలు:
వీసాకి ఢిల్లీ.
శంషాబాద్ నుంచి ఇస్తాంబుల్,
అక్కడ ఏడు గంటలు ఊరికే కూర్చోవాలి
(కూర్చోవడం మనకొచ్చా?)
అక్కణ్ణుంచి మెక్సికో సిటీ, ఆపైన చిన్న విమానం.
చిట్టీ ఎత్తితే పోయే టికెట్లు.
వచ్చే టికెట్లు డీఏ బకాయిలు పడితే.
"అంటే పోతం, రాం" అంది,
గీత గీసి.

పెద్ద హోటళ్ళలో దిగగానే
చేతికి పట్టీ కడతారట,
అది చూపిస్తే తిన్నంత తిండి.
మేం రోజూ కడుతూనే ఉంటాం,
తల్లి పేరు, ఆడో మగో, బరువు,
బొటనవేలంత మణికట్టుకి.
నాకూ ఒకసారి కట్టించుకోవాలని ఉంది.
బరువు మాత్రం రాయనివ్వను.

ఇంట్లో ఇంకా చెప్పలేదు.
మా ఆయన గోవా అనుకుంటున్నాడు.
సముద్రానికే అన్నాను, అబద్ధమేం కాదు.

ఈత ఇద్దరికీ రాదు.
పడవవాళ్ళు జాకెట్ ఇస్తారు, అవసరం లేదన్నారు.
అయినా సరే,
డ్యూటీ దిగి, నిద్ర ఎగ్గొట్టి,
సికింద్రాబాద్ ఈతకొలనుకి రెండు బస్సులు.
పదకొండు నుంచి పన్నెండు ఆడవాళ్ళకు.
నేర్పే పిల్ల సహస్రకి పంతొమ్మిదేళ్ళు.
ఎక్కడ పుట్టావని అడిగితే
"మీ దవాఖానలోనే ఆంటీ" అంది.
నేను లాగిన తలేనేమో,
ఇప్పుడు నా తల పట్టుకుని నీళ్ళలోకి వంచుతోంది:
"ఊపిరి బిగబట్టకండి, వదలండి, వదలండి."
ఇన్నేళ్ళూ నేనన్న మాట.
నాకు ఎవరూ అనలేదు.

మూడోవారం కాళ్ళు నేల విడిచాయి.
నాలుగు క్షణాలంటాను నేను,
గట్టు మీద కూర్చుని లెక్కపెట్టిన నఫీసా ఆరంటుంది.
చెవులు మునిగాయి.
బస్సుల హారన్లు, పిల్లల గోల, అన్నీ ఆగిపోయి
లోపలెక్కడో ఒక చప్పుడు,
నిండుపొట్ట మీద గొట్టం ఆనించినప్పుడు వినబడే
దూరపు గుర్రపు పరుగులాంటిది.
ఎవరి బిడ్డదా అని వెతికాను కాసేపు.
నా గుండేనట.

ఫిబ్రవరి దాటకూడదు.
మార్చి చివరికల్లా తల్లులన్నీ
పిల్లల్ని వెంటేసుకుని డిశ్చార్జి.
తల్లి పక్కన నీళ్ళమీదికొచ్చి
పిల్ల వదిలే ఊపిరి
పడవ దాకా వినిపిస్తుందట.
అది వినాలి.

కారణం: ప్రసవం,
అని రాశాను.
ఎవరిది సిస్టర్, అంటుంది సూపరింటెండెంట్ మేడమ్
కళ్ళజోడు కిందికి జరిపి.
అననీ.
సంతకానికి చెయ్యి ఆనించేలోగా
నఫీసా కేక, మూడో నంబరు బల్ల,
తల కనబడుతోందట.
చీటీ మడిచి జేబులో దోపుకున్నాను.